లివర్‌లో హేమాంజియోమా అని రిపోర్ట్ వచ్చింది, పగిలే ప్రమాదం నిజంగా ఉంటుందా? (వరంగల్)

ఎనుమాముల_మిర్చి:
అందరికీ నమస్కారం. మా ఆవిడకు 34 ఏళ్లు. తిన్న తర్వాత పొట్ట కుడివైపు బరువుగా ఉంటోందంటే, పిత్తాశయంలో రాళ్లేమోనని హన్మకొండలో స్కానింగ్ చేయించాం. రాళ్లు లేవు. కానీ లివర్ కుడి భాగంలో, సెగ్మెంట్ 7లో 4.6 సెంటీమీటర్ల గడ్డ ఉందని, హేమాంజియోమా (రక్తనాళాల గుంపుతో ఏర్పడే గడ్డ) అయి ఉండవచ్చని, సీటీ చేయించి నిర్ధారించుకోమని రాశారు. డాక్టర్ గారు "భయం లేదమ్మా, చాలామందికి ఉంటుంది" అన్నారు. బయట పేషెంట్లు నిండిపోయి ఉన్నారు, అంతకంటే అడగలేకపోయాం. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే పగిలి రక్తస్రావం, అర్ధరాత్రి ఆపరేషన్ అనే మాటలే కనబడ్డాయి. అప్పటినుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మా అత్తమ్మ పసరు మందు పోయిద్దాం అంటున్నారు. మాది మిర్చి చేను. మిర్చి ఏరే రోజుల్లో ఆమె బస్తాలు ఎత్తుతుంది, ట్రాక్టర్ మీద తిరుగుతుంది. అవన్నీ మానిపించాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఖిలా_వరంగల్:
అన్నా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. మా నాన్నకు ఇదే ఉంది, 3 సెంటీమీటర్లు. ఏళ్లుగా అలాగే ఉంది. ఆయన రోజూ కోట చుట్టూ నడుస్తారు.

స్కాన్_రూమ్:
నేను సీటీ, ఎంఆర్ఐ తీసే టెక్నీషియన్‌ని. రిపోర్ట్ రాయడం రేడియాలజిస్ట్ గారి పని, నేను చూసింది మాత్రం చెప్తాను.

అల్ట్రాసౌండ్‌లో హేమాంజియోమా అంచులు స్పష్టంగా, చుట్టూ ఉన్న లివర్ కంటే తెల్లగా కనబడుతుంది. కానీ తెల్లగా కనబడేవన్నీ హేమాంజియోమాలు కావు, అందుకే "అయి ఉండవచ్చు" అని రాస్తారు. సీటీ చేయించేటప్పుడు ట్రిపుల్ ఫేజ్ అని అడిగి చేయించండి. అందులో కాంట్రాస్ట్ మందు చేతి నరంలోకి ఎక్కించి ఒకే లివర్‌ను వేర్వేరు సమయాల్లో తీస్తాం. మొదటి అరనిమిషంలో గడ్డ అంచున అక్కడక్కడా తెల్లని చుక్కలు మొదలవుతాయి, మధ్యంతా నల్లగానే ఉంటుంది. ఇంకో అరనిమిషానికి ఆ చుక్కలు ఒకదానితో ఒకటి కలుస్తూ లోపలికి జరుగుతాయి. నాలుగైదు నిమిషాల తర్వాత తీసిన బొమ్మలో గడ్డ దాదాపు మొత్తం తెల్లబడి ఉంటుంది. ఇలా అంచు నుంచి మధ్యకు నిదానంగా నిండితే హేమాంజియోమా అనే చెప్తారు. ఆ ఆలస్యపు బొమ్మ తీయకుండా మామూలు సీటీ చేయిస్తే డబ్బు పోతుంది, అనుమానం మిగులుతుంది.

వెళ్లేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోండి. నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినకపోతే మంచిది. మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడిగా అనిపిస్తుంది, భయపడవద్దని ఆమెకు ముందే చెప్పండి.

సర్జన్_కరీంనగర్:
ఎనుమాముల గారూ, మీ ప్రశ్న సరైనదే. అయితే లివర్‌లో కనబడే గడ్డలన్నిటికీ ఒకే భయం పెట్టుకోకూడదు. ముందు ఆ గడ్డ పేరేమిటో తేలాలి. ప్రమాదం ఎంత అనేది పేరును బట్టే ఉంటుంది.

క్యాన్సర్ కాని గడ్డల్లో ఎక్కువగా కనబడేవి మూడు. హేమాంజియోమా అన్నిటికంటే మామూలుది, ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. స్పాంజిలా సన్నని రక్తనాళాల గుంపు అది. లోపల రక్తం చాలా నెమ్మదిగా, తక్కువ ఒత్తిడితో కదులుతుంది, అందుకే దానంతట అది పగలడం అత్యంత అరుదు. క్యాన్సర్‌గా మారదు. రెండోది ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా, అందరూ ఎఫ్ఎన్‌హెచ్ అంటారు. స్కాన్‌లో చాలాసార్లు మధ్యలో మచ్చ, దాన్నుంచి చుట్టూ గీతలు కనబడతాయి. ఇదీ క్యాన్సర్ కాదు, పగలడం కూడా దాదాపు ఉండదు.

మూడోది హెపాటిక్ అడినోమా. జాగ్రత్త పడాల్సింది దీనితోనే. ఇది లివర్ కణాలతోనే పెరుగుతుంది, రక్తం నేరుగా ధమని నుంచి, ఎక్కువ ఒత్తిడితో వస్తుంది. లోపలి నాళాల గోడలు పల్చగా ఉంటాయి, చుట్టూ గట్టి పొర ఉండదు. 5 సెంటీమీటర్లు దాటినా, లివర్ ఉపరితలానికి ఉబ్బి వచ్చినా రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. కొన్ని రకాలు క్యాన్సర్‌గా మారగలవు.

ఇప్పుడు మీరు ఒకటి చెప్పాలి. మీ ఆవిడ గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా?

ఎనుమాముల_మిర్చి:
వాడుతోంది సార్. రెండో పాప పుట్టినప్పటి నుంచి ఆశా అక్క ఇచ్చే మాలా-ఎన్. ఇది స్కానింగ్ దగ్గర ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఇంకా భయమేస్తోంది.

సర్జన్_కరీంనగర్:
భయం కోసం అడగలేదు. ఏళ్ల తరబడి వాడే ఈస్ట్రోజెన్ మాత్రలకూ అడినోమాకూ సంబంధం ఉండవచ్చని 1973లోనే వైద్య పత్రికల్లో రాశారు. అప్పటి మాత్రల్లో ఈస్ట్రోజెన్ మోతాదు ఎక్కువ. ఇప్పటి మాత్రల్లో బాగా తక్కువ, మాలా-ఎన్‌లో 0.03 మిల్లీగ్రాములే. వాడేవాళ్లలో అడినోమా వచ్చేది చాలా కొద్దిమందికి. కానీ గడ్డ కనబడినప్పుడు ఈ సంగతి రేడియాలజిస్ట్‌కు తెలిస్తే ఆయన చూసే చూపు వేరుగా ఉంటుంది. సీటీ చీటీ మీద "మాత్రలు వాడుతున్నారు" అని రాయించండి. రిపోర్ట్ వచ్చేదాకా మాత్ర పక్కనపెట్టి వేరే పద్ధతి పాటించండి. కాపర్-టీలో హార్మోన్ ఉండదు.

పసరు గురించి కూడా చెప్తాను. హేమాంజియోమాను కరిగించే ఆకు లేదు. మంచిగా ఉన్న లివర్‌ను పాడుచేసేవి మాత్రం ఉన్నాయి. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ తాగినవాళ్లకు లివర్ దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. అత్తమ్మ గారికి నెమ్మదిగా చెప్పండి, ఆమె ప్రేమతోనే అంటున్నారు.

పరకాల_తమ్ముడు:
సార్ అడినోమా గురించి రాశారు కాబట్టి మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా వదినకు 32 ఏళ్లు. మాత్రలు చాలాకాలంగా వాడేది. గడ్డ ఉన్నట్టు మాకెవరికీ తెలియదు. ఒకరోజు తెల్లవారుజామున వాకిలి ఊడుస్తూ కుడి పక్కటెముకల కింద పట్టుకుని కూలబడింది. నొప్పి కుడి భుజంలోకి కొడుతోందని అంది. గ్యాస్ అనుకున్నాం. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్‌కు, నొప్పికి ఇంజెక్షన్లు ఇచ్చాడు. ఆయనను తప్పుపట్టను, పైకి చూస్తే ఏమీ లేదు. కాసేపు నొప్పి తగ్గింది. ఆ తర్వాత మంచినీళ్లు అడిగింది, లేచి కూర్చోబోతే కళ్లు తిరిగి పడిపోయింది. చేతులు చల్లబడ్డాయి, నుదురంతా చెమట. పెదాలు తెల్లగా పాలిపోయాయి. అప్పుడు 108కు చేశాం.

అంబులెన్స్‌లో ఉన్న అతను బీపీ చూసి, సెలైన్ పెట్టి, ముందే ఆసుపత్రికి ఫోన్ చేశాడు. వెళ్లగానే పొట్ట మీద స్కాన్ పెట్టి లోపల రక్తం ఉందన్నారు. మొదట చేరిన ప్రైవేట్ ఆసుపత్రిలో అపెండిక్స్ పగిలిందేమో, వెంటనే కోద్దాం అన్నారు. అక్కడున్న ఒక డ్యూటీ డాక్టరమ్మ "బీపీ నిలబడింది కదా, ఒక్కసారి సీటీ చేద్దాం" అని పట్టుబట్టింది. ఆ సీటీలో లివర్ గడ్డ, దాని పక్కన రక్తం కనబడ్డాయి. రక్తం ఎక్కిస్తూ హైదరాబాద్ పంపారు. అక్కడ తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి రక్తం కారుతున్న నాళాన్ని మూసేశారు. కొన్ని నెలల తర్వాత గడ్డ కుంచించుకుపోయాక దాన్ని తీసేశారు. ఇప్పుడు వదిన బాగుంది. ఆ డాక్టరమ్మ పేరు కూడా మేం అడగలేదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

నర్సంపేట_టీచర్:
చదువుతుంటే చేతులు వణికాయి తమ్ముడూ. వదిన గారు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. సర్జన్ గారూ, రక్తం కారుతున్నప్పుడు వెంటనే పొట్ట కోసి ఆపకుండా గొట్టం ఎందుకు?

సర్జన్_కరీంనగర్:
మంచి ప్రశ్న మేడం. రక్తం కారుతున్న లివర్‌ను అత్యవసరంగా కోసి గడ్డ తీయడం చాలా ప్రమాదకరం. పేషెంట్ అప్పటికే రక్తం కోల్పోయి ఉంటారు, గడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రక్తం మధ్య తెలియదు. మొదట రక్తం, సెలైన్ ఎక్కించి మనిషిని నిలబెట్టాలి. తర్వాత ధమనిలోంచి వెళ్లి కారే కొమ్మను మూసెయ్యాలి, దీన్నే ఎంబోలైజేషన్ అంటారు. లివర్‌కు రక్తం రెండు దారుల్లో వస్తుంది, ధమని నుంచీ, పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర నుంచీ. అందుకే ధమనిలో ఒక కొమ్మను మూసినా మిగతా లివర్ బతుకుతుంది. లోపలి రక్తం ఇంకిపోయాక, అవసరమైతే, తీరిగ్గా ఆపరేషన్ చేస్తారు. బీపీ ఎంతకూ నిలబడకపోతేనే పొట్ట తెరిచి, లివర్ చుట్టూ గుడ్డలు పెట్టి ఒత్తి ఆపుతారు.

ఎమర్జెన్సీ_సిస్టర్:
నేను క్యాజువాల్టీలో నర్సుని. పరకాల తమ్ముడు రాసినదాంట్లో ఒక్క మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి: ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గింది, కానీ మనిషి చల్లబడింది. నొప్పి తగ్గితే ప్రమాదం తప్పినట్టు కాదు. నాడి వేగంగా కొట్టుకోవడం, చల్లని చెమట, దాహం, లేస్తే కళ్లు తిరగడం, పొట్ట ఉబ్బి గట్టిపడటం, వీటిలో ఏది కనబడినా ఇంట్లో ఆగవద్దు. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దు. పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తులో ఉంచి 108 పిలవండి.

లివర్‌లో గడ్డ ఉందని ముందే తెలిసినవాళ్లు పాత రిపోర్ట్ ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉండాలి, ఎందుకంటే పేషెంట్ మాట్లాడే స్థితిలో ఉండకపోవచ్చు. బ్లడ్ గ్రూప్ కూడా రాసి పెట్టండి. మాకు ఆ ఒక్క ఫొటో చూపిస్తే ఎంతో సమయం కలిసొస్తుంది.

జగిత్యాల_అమ్మాయి:
అక్కా, ఒక సందేహం. బతుకమ్మకో, మేడారం జాతరకో, ఇంట్లో పూజకో నెలసరి వెనక్కి జరగడానికి మాత్రలు వేసుకుంటాం. అవి కూడా లివర్‌లో గడ్డలు తెస్తాయా?

ఎమర్జెన్సీ_సిస్టర్:
చెల్లె, అవి వేరే మాత్రలు. వాటిలో ఉండేది మామూలుగా నోరెథిస్టిరోన్, కొద్ది రోజులే వేసుకుంటారు. ఏళ్ల తరబడి రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రలతో దాన్ని ఒకటిగా చూడొద్దు. కానీ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం అలవాటు చేసుకోవద్దు. లివర్ జబ్బు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా అసలు వేసుకోవద్దు.

గోదావరిఖని_బొగ్గు:
ఇది ఆడవాళ్ల జబ్బు మాత్రమే అనుకునేవాళ్లకు చెప్తున్నా. మా కాలనీ కుర్రాడు జిమ్‌లో కండల కోసం ఇంజెక్షన్లు తీసుకునేవాడు. వేరే పనికి స్కాన్ చేస్తే అడినోమా అని తేలింది. గడ్డ చిన్నదే, అయినా తీసెయ్యాలన్నారు. చిన్నదాన్ని ఎందుకు కోస్తారని వాళ్ల నాన్న డాక్టర్లతో గొడవపడ్డాడు. సర్జన్ సార్ చెప్పాలి.

సర్జన్_కరీంనగర్:
డాక్టర్లు చెప్పింది సరైనదే. మగవాళ్లలో అడినోమా అరుదు, కానీ వస్తే క్యాన్సర్‌గా మారే అవకాశం ఆడవాళ్లలో కంటే బాగా ఎక్కువ. అందుకే సైజుతో పని లేకుండా తీసెయ్యమంటారు. ఆడవాళ్లలోనైతే ముందు మాత్ర ఆపించి, బరువు ఎక్కువుంటే తగ్గించి, ఆరు నెలలకు మళ్లీ ఎంఆర్ఐ చేస్తాం. చాలావాటికి అంతటితో సైజు తగ్గుతుంది. అప్పటికీ 5 సెంటీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉన్నా, పెరుగుతున్నా ఆపరేషన్ మాట వస్తుంది. జిమ్‌లో ఇచ్చే ఆ ఇంజెక్షన్లు అనబాలిక్ స్టెరాయిడ్లు. వాటిని అమ్మేవాళ్లు లివర్ సంగతి చెప్పరు. ఆ కుర్రాడి స్నేహితులు కూడా వాడుతుంటే ఒక్కసారి స్కాన్ చేయించమనండి.

ఎనుమాముల_మిర్చి:
సీటీ అయింది. క్రియాటినిన్ నార్మల్. స్కాన్_రూమ్ అన్న చెప్పినట్టే ట్రిపుల్ ఫేజ్ అడిగాను, చీటీ మీద మాత్రల సంగతి రాయించాను. రిపోర్ట్: అంచున నాడ్యులర్‌గా (చుక్కలు చుక్కలుగా) మొదలై మధ్యకు నిండింది, హేమాంజియోమాకు సరిపోతోంది, ఇంకే గడ్డలూ లేవు. డాక్టర్ గారు ఈసారి కూర్చోబెట్టి బొమ్మలు చూపించి చెప్పారు. బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) ఏమైనా చేయాలా అని అడిగితే, సూది గుచ్చితే లేని రక్తస్రావం కొనితెచ్చుకోవడమే అన్నారు. ఇంకా అడగాల్సినవి రెండున్నాయి, బస్తాలు ఎత్తవచ్చా, మాలా-ఎన్ మళ్లీ మొదలుపెట్టవచ్చా?

సర్జన్_కరీంనగర్:
సంతోషం. ఈ సైజు హేమాంజియోమాకు పనులు మానాల్సిన అవసరం లేదు. బస్తాలు ఎత్తనివ్వండి. పొట్టకు గట్టి దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలు, ట్రాక్టర్ ఇంజిన్ పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చుని వెళ్లడం ఎవరికైనా ప్రమాదమే. హేమాంజియోమాకు మాత్రలు నిషేధం కాదు, మీ గైనకాలజిస్ట్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి. గర్భం కూడా దాల్చవచ్చు. తిన్నాక బరువు అనేది గ్యాస్ట్రిక్ సమస్యే అయి ఉండే అవకాశం ఎక్కువ, దాన్ని విడిగా చూపించుకోండి.

హేమాంజియోమాలో ఆందోళన పడాల్సిన పరిస్థితులు లేకపోలేదు, అవి చాలా పెద్దవాటిలో వస్తాయి. 10 సెంటీమీటర్లు దాటినవి పొట్టను నొక్కి రెండు ముద్దలకే కడుపు నిండినట్టు చేస్తాయి. లోపల రక్తం గడ్డకడితే నొప్పి, జ్వరం రావచ్చు. కాడతో వేలాడే గడ్డ అరుదుగా మెలిపడితే హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తుంది. మరీ పెద్ద గడ్డల్లో, రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లు లోపలే ఖర్చయిపోయి, ఒంటి మీద నీలి మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం రావడం కూడా ఉంది. దాన్ని కాసబాక్ మెరిట్ సిండ్రోమ్ అంటారు. ఇవి మీ ఆవిడ సైజుకు సంబంధించినవి కావు.

ములుగు_రోడ్డు:
మా అన్న కొడుకు పుట్టినప్పుడు లివర్‌లో హేమాంజియోమాలు ఉన్నాయన్నారు. గుండె వేగం, ఆయాసం అని ఐసీయూలో పెట్టారు. పెద్దవాళ్లకు భయం లేదంటున్నారు, పిల్లలకు అంత ఎందుకయింది?

సర్జన్_కరీంనగర్:
పసిపిల్లల్లో వచ్చేది పేరుకు హేమాంజియోమానే గానీ, పెద్దవాళ్లదానికి పూర్తిగా వేరు. గడ్డలు ఎక్కువుంటే రక్తం వాటి గుండా వేగంగా తిరిగి గుండె మీద భారం పడుతుంది, గుండె అలసిపోతుంది. ఆ గడ్డలు థైరాయిడ్ హార్మోన్‌ను కూడా నాశనం చేస్తాయి, కాబట్టి థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి. ఇప్పుడు ప్రొప్రనలాల్ అనే మందుతో చాలామంది పిల్లలు కోలుకుంటున్నారు, తొలి ఏడాది తర్వాత గడ్డలు వాటంతట అవే తగ్గుతాయి. ఒంటి మీద ఎర్రని హేమాంజియోమా మచ్చలు ఐదు, అంతకంటే ఎక్కువ ఉన్న పసిబిడ్డకు లివర్ స్కాన్ చేయించాలి.

నర్సంపేట_టీచర్:
మా ఊళ్లో గొర్రెల కాపరికి లివర్‌లో నీటిగడ్డ అన్నారు. అది కూడా ఇలాంటిదేనా?

సర్జన్_కరీంనగర్:
మామూలు నీటి తిత్తి అయితే హానిలేదు. గొర్రెలు, కుక్కల మధ్య ఉండేవాళ్లలో హైడాటిడ్ తిత్తి అనుమానించాలి. అది కుక్క పేగుల్లో ఉండే బద్దెపురుగు వల్ల వస్తుంది. దాన్ని తేల్చకుండా ఎవరూ సూదితో నీళ్లు తీయించుకోవద్దు. లోపలి ద్రవం పొట్టలోకి చిందితే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ రావచ్చు. జ్వరం, చలి, కుడివైపు నొప్పి ఉంటే చీముగడ్డ అయి ఉండవచ్చు, దానికి ఆలస్యం చేయకుండా మందులు మొదలుపెట్టాలి.

ఖిలా_వరంగల్:
ఖర్చు గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఎంబోలైజేషన్ అంటే లక్షలు అంటారు.

ఎమర్జెన్సీ_సిస్టర్:
ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా ఉంది. ఏ చికిత్స దాని కిందికి వస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడగండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు డబ్బు, కార్డు వెతుకుతూ ఇంట్లో ఆగవద్దు. వరంగల్ చుట్టుపక్కల వాళ్లు ముందు ఎంజీఎం ఆసుపత్రికి చేరండి, రక్తం ఎక్కించి నిలబెట్టాక అవసరమైతే హైదరాబాద్‌లో నిమ్స్‌కో, ఉస్మానియాకో, గాంధీకో పంపుతారు. రక్తం కారే మనిషిని సొంత కారులో వెనక సీట్లో పడుకోబెట్టి నేరుగా హైదరాబాద్ తీసుకెళ్లడం మాత్రం చేయకండి. దారిలో బీపీ పడిపోతే చూసేవాళ్లు ఉండరు.

పరకాల_తమ్ముడు:
సిస్టర్ మాట నిజం. జనగామ దాటాక వదినకు మళ్లీ బీపీ తగ్గింది. అంబులెన్స్‌లో ఉన్నాం కాబట్టి రెండో రక్తం సంచి అక్కడే ఎక్కించారు.

మెట్‌పల్లి_కొడుకు:
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మా అమ్మకు 62. హేమాంజియోమా 3.8 సెంటీమీటర్లు. పోయిన సంవత్సరం గుండెలో స్టెంట్ వేశారు, రక్తం పల్చబడే మాత్రలు వాడుతోంది. పగిలితే రక్తం ఆగదని మా బావ ఆ మాత్రలు ఆపేయమంటున్నాడు. నాలుగు రోజుల నుంచి వేసుకోవట్లేదు.

సర్జన్_కరీంనగర్:
ఈ రోజే మీ కార్డియాలజిస్ట్‌కు ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టించండి. ఆ సైజు హేమాంజియోమా పగలడం దాదాపు జరగని పని. స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా మాత్రలు ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి గుండెపోటు రావడం మాత్రం మేం చూస్తూనే ఉంటాం. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఎడమ చెయ్యి లాగడం ఉంటే ఫోన్ కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మెట్‌పల్లి_కొడుకు:
నొప్పి ఏమీ లేదు సార్. ఫోన్ చేశాను, వెంటనే వేయమన్నారు. ఇప్పుడే వేశాను, రేపు పొద్దున చూపించడానికి కరీంనగర్ వస్తున్నాం.